మేక అట్టలో జైలు కథ

నిన్న సాయంత్రం లెక్కల టీచరు కౌంటరు మీద పుస్తకం ధడాలున పడేసిన చోట మనం ఆగాం. ఆ చప్పుడుకి పత్రికల గదిలో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. "అట్ట మీద మేక బొమ్మ, లోపల జైలూ, బెయిలూ, తాగుడూనా? పదేళ్ళ పిల్లకి ఇచ్చే పుస్తకమేనా ఇది?" అని ఆవిడ లైబ్రరీ అక్కని నిలదీసింది. లైబ్రరీకి పెద్ద అయిన పెద్దసారు ఫిర్యాదు కాగితం రెండు చేతులా అందుకుని, శనివారం నాలుగింటికి కమిటీలో దీని సంగతి తేల్చేద్దామని మాటిచ్చాడు.

ఆయనకి కావలసింది ఇలాంటి అవకాశమే. పిల్లల పుస్తకాలన్నిటికీ వెన్ను మీద వయసు స్టిక్కర్లు అంటించాలని రెండేళ్ళుగా అంటున్నాడు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా పచ్చవి, పదమూడు దాటితే ఎర్రవి. పచ్చవాళ్ళు పచ్చ అరలోంచి, ఎర్రవాళ్ళు ఎర్ర అరలోంచి తీసుకోవాలి తప్ప ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు తొంగి చూడకూడదు. స్టిక్కర్ల పెట్టె ఆయన బల్ల కింద ఎప్పటినుంచో తయారుగా ఉంది.

అవి అంటించడం మొదలైతే అక్క అరకి నూకలు చెల్లినట్టే. కిటికీ పక్కన నడుం ఎత్తున ఉండే ఆ అరని అక్క పదకొండేళ్ళుగా నడుపుతోంది. తను చదవని పుస్తకం అందులో పెట్టదు. చదివాక అట్ట లోపలివైపు తన చేత్తో ఒక చీటీ రాసి అంటిస్తుంది. 'మేడ ఎక్కిన మేక' అనే పుస్తకంలో చీటీ ఇలా ఉంటుంది: "నవ్వు ఆగకపోతే కిటికీ దగ్గరికి వెళ్ళి నవ్వుకో, పెద్దసారు చూస్తారు." 'నాన్న విడుదలైన రోజు' అనే పెద్దపిల్లల నవలలో ఇంకోటి: "పది పేజీలు ఓపిక పట్టు. ఆ తరవాత అదే నిన్ను లాక్కెళ్తుంది." పిల్లలు పుస్తకం కంటే ముందు చీటీ చదువుతారు, చీటీ నచ్చితేనే పుస్తకం తీసుకుంటారు. ఆ నమ్మకమే అక్క ఆస్తి.

నిన్న టీచరు వెళ్ళిపోయాక అక్క ఆ మేక పుస్తకం తెరిచింది. అట్ట తనకి తెలిసిన అట్టే, చీటీ తను రాసిన చీటీయే. లోపల మాత్రం మేకా లేదు, మేడా లేదు. మొదటి వాక్యంలోనే ఒక కుర్రాడు జైలు గేటు ముందు నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

*

శనివారం పొద్దున్న తొమ్మిదింటికే అక్క బైండింగు బాబాయ్ దుకాణంలో ఉంది. మనిషి ఒక పక్కకి తిరిగి నడవాల్సినంత సన్నటి గది అది. ఓ గోడకి అట్టముక్కలు, ఇంకో గోడకి గుడ్డచుట్టలు, మధ్యలో తిప్పుడు చక్రం ఉన్న ఇనప ప్రెస్సు. జిగురు వాసన గుమ్మందాకా కొడుతోంది.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే ఇలా ఊడిపడ్డావ్?" అన్నాడు బాబాయ్, నోట్లో దారం తియ్యకుండానే.

అక్క పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఇది మేడ ఎక్కిన మేకేనా చెప్పు బాబాయ్."

ఆయన అట్ట చూశాడు. నాలుగు పేజీలు తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ తిప్పాడు. నోట్లో దారం జారి ఒళ్ళో పడింది.

"నెలన్నర కిందట ఆరు పుస్తకాలు పంపావు కదూ?"

"ఆరే."

"కుట్టేసి ఆరింటినీ వరసగా ప్రెస్సులో పెట్టాను. పాత అట్టల మీది బొమ్మలూ లోపలి నీ చీటీలూ కోసి, అదే వరసలో ఇదిగో, ఈ తీగ మీద ఆరేశాను. అడుగున పెట్టింది మొదటిది, పైనున్నది ఆఖరిది. తీసేటప్పుడు పైనుంచి తీస్తాం గదా, వరస తిరగబడిపోతుంది. అందుకని ఎప్పుడూ ఆఖరి బొమ్మ నుంచి మొదలుపెట్టి అంటిస్తాను." ఆయన ఆగి తల గోక్కున్నాడు. "ఆ రోజు మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టేసినట్టున్నాను. నాలుగు పుస్తకాలకి పేరున్న పేజీ ఉంది కాబట్టి తప్పు కనిపించి సరిచేశాను. ఈ రెండింటికీ మొదటి పేజీలే లేవు. ఒకే సైజు, ఒకే లావు. సరిగ్గానే ఉన్నాయనుకున్నా."

"అయితే మేక..."

"మేక ఆ జైలు పుస్తకం అట్టలో ఉంటుంది. ఇంకెక్కడికి పోతుంది?" అన్నాడు బాబాయ్. అంతలోనే ఆయన మొహం వాడిపోయింది. "నీ మీదికి వచ్చిందా తల్లీ? నేనే వచ్చి చెప్తాను. నలభై ఏళ్ళలో మొదటిసారి ఇలా చేశానని చెప్తాను. నాకేంటి సిగ్గు?"

అక్కకి ఒక్కసారి గుండెల మీది బరువు దిగినట్టయింది. తప్పు తనది కాదు. రెండో పుస్తకం తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, పెద్దసారు నోరు మూతపడుతుంది.

ఆ తేలిక లైబ్రరీ మెట్లదాకా కూడా నిలవలేదు. బైండింగు నుంచి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తెరిచి, పేజీలు తిప్పి చూసి, రిజిస్టర్లో "సరిచూశాను" అని సంతకం పెట్టాలి. ఆ సంతకం అక్కదే. ఆ రోజు ఆరు పుస్తకాలకీ ఒక్క ఊపులో గిలికేసింది, ఒక్కటి కూడా తెరవకుండా. నేను చదివినవే కదా, మళ్ళీ చూసేదేముందిలే అనుకుంది. ఇతరులకి పుస్తకం తెరిచి చూడమని చెప్పే మనిషి తను తెరవలేదు.

రిజిస్టరు తిప్పింది. 'నాన్న విడుదలైన రోజు', కార్డు నంబరు నూట నలభై ఎనిమిది. నెల కిందట తీసుకున్నారు. ఆ తరవాత ఒకసారి గడువు పొడిగించుకున్నారు. ఆఖరి తేదీ ఇవాళే.

నూట నలభై ఎనిమిది ఎవరో అక్కకి పేరు చూడకుండానే తెలుసు. లెక్కల టీచరు కొడుకు. పదిహేనేళ్ళకే గుమ్మం తలకి తగిలే పొడుగు కాబట్టి వాడిని అందరూ జిరాఫీ అంటారు. చెల్లెలు పిచ్చుక, నిన్నటి గొడవకి మూలమైన పదేళ్ళ పిల్ల. చెల్లెల్ని దింపడానికి వచ్చి, గడప దగ్గరే నిలబడి, ఫోను చూసుకుంటూ ఉండిపోయే బాపతు వాడు. నెల కిందట మాత్రం ఎందుకో లోపలికి వచ్చాడు. కొత్త అట్టలతో మెరిసిపోతున్న దొంతరలోంచి అక్క ఆ నవల తీసి, "నీ వయసుకి ఇది బావుంటుందిరా" అని చేతిలో పెట్టింది. 

*

ఒంటిగంటకి, పిల్లల గది ఖాళీగా ఉన్నప్పుడు జిరాఫీ వచ్చాడు. భుజాన సంచి ఉంది. చేతులు మాత్రం ఖాళీ.

"అక్కా, ఆ పుస్తకం పోయింది" అన్నాడు, నేల చూస్తూ.

"ఎక్కడ పోయింది?"

"బస్సులో."

"ఏ బస్సులో?"

జిరాఫీ తలుపు వైపు చూశాడు. అబద్ధం చెప్పడంలో వాడికి బొత్తిగా అనుభవం లేదు. ఒక చెయ్యి సంచి మూతిని గట్టిగా పట్టుకునే ఉంది. అక్కకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నాలుగింటికి తన అర ఉంటుందో ఊడుతుందో తేల్చే పుస్తకం ఆ సంచిలోనే ఉంది.

"కూర్చో" అంది. వాడు చిన్నపిల్లల కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. "ఒరేయ్, అందులో ఏముందో నాకు తెలుసు. మేక ఉంది."

జిరాఫీ చటుక్కున తల ఎత్తాడు. "అమ్మకి చెప్పారా?"

"ఎవరికీ చెప్పలేదు."

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. అప్పుడు వాడు మెల్లిగా అన్నాడు. "మీరు కావాలనే ఇచ్చారనుకున్నా."

"ఏమిటి?"

"నాకు చదవడం సరిగ్గా రాదని మీకు తెలిసిపోయిందనుకున్నా. ఎవరికీ తెలీకుండా నాకోసం పెద్దవాళ్ళ అట్ట వేసి ఇచ్చారనుకున్నా. మొదటి రోజు ఇంటికెళ్ళి తెరిస్తే మేక. పెద్దపెద్ద అక్షరాలు. పేజీ తొందరగా అయిపోతోంది. నాకు పేజీ ఎప్పుడూ అవదక్కా. మూడో లైనుకి వచ్చేసరికి మొదటి లైను ఏంటో మర్చిపోతాను. క్లాసులో నా వంతు వస్తుందంటే దగ్గు తెచ్చుకుని బయటికి పోతాను. ఇది అలా కాలేదు. బస్సులో చదివాను, అందరి ముందూ. అట్ట చూసి, వీడు పెద్ద నవల చదువుతున్నాడ్రా అన్నారు. చదువుతున్నట్టు నటించట్లేదక్కా, నేను నిజంగానే చదువుతున్నాను."

ఈ పిల్లాడు నెలరోజులుగా తనని ఎంత మంచిదాన్ని చేసి మనసులో పెట్టుకున్నాడో! ఔనురా, కావాలనే ఇచ్చాను అంటే ఎంత బావుండును. వాడికీ బావుండును, తనకీ బావుండును. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదురా" అంది. "నాకేం తెలీదు. బైండింగులో అట్టలు మారిపోయాయి, నేను చూడకుండా సంతకం పెట్టేశాను. నీకు నీ పొడుగు చూసి పుస్తకం ఇచ్చాను. నిన్నేమీ అడగలేదు. అడగాల్సింది."

వాడు మోకాళ్ళ మీద గడ్డం ఆనించాడు. తరవాత, ఎందుకో, నవ్వాడు. "అయితే మేక దానంతట అదే వచ్చిందన్నమాట."

"అదే వచ్చింది."

"పిచ్చుకకి కూడా తెలుసు" అన్నాడు వాడు, ఇప్పుడు మాట తేలికపడి. "మేక ఎప్పుడొస్తుందా అని పాపం అరవై పేజీలు చూసిందట. తరవాత నా దగ్గర దొరికింది. అమ్మకి చెప్పేస్తుందనుకున్నా, చెప్పలేదు. రోజూ ఒక అధ్యాయం చదివి వినిపించమంది, లేకపోతే చెప్పేస్తానంది. వినిపిస్తున్నా. మేక గొంతు కూడా పెడుతున్నా. అది జైలు పుస్తకం వదల్లేదు, బెయిలంటే ఏంటని అమ్మని అడిగి మొత్తం పాడుచేసింది."

"ఎన్నిసార్లు చదివావ్?"

"రెండుసార్లు అయింది. మూడోది సగంలో ఉంది." వాడు సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. "అక్కా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా? కానీ అట్ట మాత్రం పెద్దవాళ్ళది కావాలి."

అక్క లేచి వెళ్ళి కిటికీ పక్కన అర ముందు నిలబడింది, వాడికి తన మొహం కనబడకుండా. వచ్చే వారం నుంచి ఈ పుస్తకాలన్నిటికీ పచ్చ బిళ్ళలు పడతాయి. పదిహేనేళ్ళ కుర్రాడు పచ్చ బిళ్ళ పుస్తకం పట్టుకుని బస్సెక్కుతాడా? ఎక్కడు. ఎర్ర బిళ్ళది పట్టుకుని మూడో లైను దగ్గర ఆగిపోతాడు. ఆ తరవాత మళ్ళీ గడప అవతల, ఫోనులో తల దూర్చి.

ఆ పుస్తకం ఇప్పుడు తీసుకుంటే నాలుగింటికి తను గెలుస్తుంది. అదెవరి దగ్గర్నుంచి వచ్చిందని అడుగుతారు. అడిగేది ఎవరో కాదు, వాడి తల్లి.

"పుస్తకం ఇటివ్వు" అంది.

జిరాఫీ తీసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు వాడి వేళ్ళు అట్టని ఒక్క క్షణం వదల్లేదు. అక్క వెనక అట్ట తెరిచి, తేదీ ముద్ర టప్పున గుద్దింది. రిజిస్టర్లో రాసుకుని, పుస్తకం వాడికే తిరిగి ఇచ్చేసింది.

"ఇంకో రెండు వారాలు. మూడోసారి పూర్తిచెయ్యి. మేక గొంతు బాగా పెట్టు."

వాడు గుమ్మం దగ్గర తల వంచి దాటాడు. దాటాక వెనక్కి తిరిగి, "సాయంత్రం మీటింగంట కదా, మిమ్మల్నేమైనా అంటారా?" అని అడిగాడు.

"నన్నెవరంటారు, నువ్వెళ్ళు" అంది అక్క.

*

నాలుగింటికి కమిటీ అంటే పెద్దసారు, ఆయన ఎదురుగా లెక్కల టీచరు. మిగతా ఇద్దరు సభ్యులూ రాలేమని కబురు పెట్టారు. బల్ల మీద మేక అట్ట పుస్తకం, దాని పక్కన స్టిక్కర్ల పెట్టె. బల్ల కింద నుంచి పైకి వచ్చిన ఉత్సాహంలో దాని మూత అప్పటికే తెరుచుకుని ఉంది.

తనే వస్తానన్న బాబాయ్‌ని వద్దని, అక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. ప్రెస్సు, తీగ మీది బొమ్మలు, తిరగబడిన వరస. "బాబాయ్‌ది చేతి పొరపాటు. తప్పు నాది. తెరిచి చూడకుండా సంతకం పెట్టాను. ఏ చర్య తీసుకున్నా నా మీద తీసుకోండి. అర జోలికి మాత్రం రాకండి. పిల్లలకి వయసు ఒకటి ఉంటుంది, చదువు ఇంకోటి ఉంటుంది. రెండూ కలిసి నడుస్తాయని మనం అనుకుంటాం. నేనూ అనుకున్నాను."

"కథలు బానే చెప్తావు" అన్నాడు పెద్దసారు. "అట్టలు మారితే రెండో పుస్తకం ఉండాలి కదా? అదేదీ?"

"బయటికి ఇచ్చాం."

"ఎవరికి?"

"అది చెప్పకూడదు సార్. ఎవరు ఏం చదువుతున్నారో ఇంకొకళ్ళకి చెప్పకూడదన్నది మన రూలే. మీరే రాయించి గోడకి పెట్టించారు."

"నేను ఇంకొకళ్ళనా?" అంటూ పెద్దసారు రిజిస్టరు లాక్కున్నాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది కానీ ఆలస్యమైపోయింది. ఆయన వేలు గళ్ళ వెంట జారి ఆగింది. "ఇదిగో. నాన్న విడుదలైన రోజు. కార్డు నూట నలభై ఎనిమిది. నెల కిందట ఇచ్చారు, రెండు వారాల కిందట పొడిగించారు, ఇవాళ మళ్ళీ పొడిగించారు. ఇవాళా? పుస్తకం ఇవాళ ఇక్కడికి వచ్చిందా? వస్తే ఎందుకు తిరిగిచ్చావ్? నీ సాక్ష్యం నువ్వే పంపేసుకున్నావా?"

అక్క లెక్కల టీచరు వైపు చూస్తోంది.

టీచరు కదలకుండా కూర్చుని ఉంది. నిన్న తను రాసిన ఫిర్యాదు మీద కూతురి కార్డు నంబరు తన చేత్తోనే వేసింది. నూట నలభై ఏడు. దాని పక్క నంబరు ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. మేక అట్టలో జైలు ఉంటే జైలు అట్టలో ఏముంటుందో తేల్చుకోవడానికి ఆవిడకి కాగితమూ పెన్సిలూ అక్కర్లేదు.

"మావాడు ఆరో క్లాసు తరవాత ఒక్క పుస్తకం ముట్టుకోలేదు" అంది, ఎవరితోనో అన్నట్టు. "ఊళ్ళో పిల్లలందరికీ చెప్తాను, నా కొడుకు పుస్తకం తియ్యడు. బద్ధకం అనుకున్నాను. తిట్టాను. ఒకసారి కొట్టాను కూడా." రిజిస్టరు తనవైపు తిప్పుకుని ఆ మూడు తేదీల మీద వేలు పెట్టింది. "వాడు దీన్ని మూడుసార్లు ఉంచుకున్నాడా?"

"ఉంచుకున్నాడు."

"చదువుతున్నాడా?"

"పిచ్చుకకి చదివి వినిపిస్తున్నాడు. రోజూ."

టీచరు రిజిస్టరు మీంచి వేలు తీసేసింది. "పక్క గదిలోంచి మేక అరుపులు వినిపిస్తుంటే ఆటలాడుతున్నారని తలుపు వేసేదాన్ని" అంది. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తేలడం లేదు, రెండూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. పెద్దసారు పచ్చ స్టిక్కర్ల చుట్ట చేతిలో పట్టుకుని, అంటించాలో పెట్టెలో పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

అప్పుడే గది తలుపు అద్దంలో ఒక పొడుగాటి ఆకారం కనిపించింది. తల పైన చట్రానికి తగులుతోంది. గుండెకి హత్తుకున్న చేతుల్లో పుస్తకం, దాని మీద జైలు గేటు బొమ్మ. అక్క మీదికి మాట రాకూడదని తనంతట తనే తెచ్చేశాడు వెర్రినాయన. లోపల తల్లి ఉందని తెలిసే వచ్చాడు. తల్లికి అంతా తెలిసిపోయిందని మాత్రం తెలియదు.

లెక్కల టీచరు గబగబా రిజిస్టరు మూసింది. అరచేతులతో కళ్ళు తుడుచుకుంది. బల్ల మీదికి వంగి అక్క చెయ్యి పట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా క్లాసులో అందరినీ ప్రశ్నలు అడిగే ఆ గొంతు ఇప్పుడు బతిమాలుతోంది.

"ఏ పిల్లలకి ఏం ఇవ్వాలో నీకు తెలుసంటారు కదా. నాకు చెప్పమ్మా, తొందరగా చెప్పు. వాడు లోపలికి రాగానే నేను మొదట ఏమనాలి?"

తలుపు పిడి తిరిగింది.